బండి వెనక మనిషి

"నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడు మోక్, వెన్న పెట్టిన బన్నును రెండు చేతులా విరుస్తూ. "నేను చేసిందల్లా ఒక్కటే. మా బండి సీటు కింద ఎవడో దాచిన పొట్లం ఒకటి పట్టుకున్నాను. అంతే. ఇన్నాళ్ళూ అది కూడా ఎవరితోనూ అనలేదు. ఈ దిక్కుమాలిన సినిమా తీయకపోతే ఇప్పుడూ అనేవాణ్ణి కాదు."

"నువ్వు అనకుండా దాచుకున్నది కూడా ఒకటుందా," అన్నాడు సియు. "ఫూన్, ఈ రోజు తారీఖు గోడ మీద రాసి పెట్టమ్మా."

పొడుగాటి గుడ్డ వడపోతలోంచి టీ దించుతున్న ఫూన్ నవ్వింది. లిన్ నవ్వలేదు.

హాంకాంగ్‌లో యౌమాతేయ్ పేటలో కోతలు కోసేవాణ్ణి ఫిరంగి అంటారు. మోక్‌ని అలా పిలవడం మొదలుపెట్టిన వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. మిగిలిన వాళ్ళకి అతని అసలు పేరు గుర్తులేదు. జన్మంతా మినీబస్సు నడిపి ఇప్పుడు ఇంట్లో కూర్చోలేక ఫూన్ టీ కొట్టులో కూర్చునే సియు లాంటి వాళ్ళకి మోక్ కోతలే మధ్యాహ్నం కాలక్షేపం. నమ్మేవాళ్ళు ఎవరూ ఉండరు. లేచిపోయే వాళ్ళూ ఉండరు.

లిన్‌కి మాత్రం కొట్టుకి రావడం అలవాటు లేని పని. షామ్‌షుయ్‌పో బజారులో ఆమెకి బొత్తాలూ జిప్పులూ అమ్మే చిన్న బల్ల ఉంది. పండగనాడు కూడా బల్ల ముయ్యని మనిషి, సినిమా కోసం మూసి వచ్చింది. మోక్, సియు, ఆమె కలిసి మ్యాట్నీ చూశారు. చూసి తిన్నగా ఇక్కడికి వచ్చారు.

సినిమా పేరు 'పగడాల మేడ'. పేరు మార్చినంత మాత్రాన తెలియకపోతుందా. అది చిమ్‌షాచోయ్ రేవు పక్కన ఒకప్పుడు వెలిగిన ముత్యాల మేడ నైట్‌క్లబ్బు. హాలు ఎంత పెద్దదంటే, గుమ్మం దగ్గర దిగిన పెద్దమనిషిని బల్ల దాకా తీసుకెళ్ళడానికి లోపలే ఒక బుల్లి బంగారు రంగు కారు ఉండేది. తెల్ల చేతితొడుగులు వేసుకుని ఆ కారు స్టీరింగు దగ్గర కూర్చున్నవాడు మోక్. ఆ కారు వెనకాల ఎప్పుడూ ఉండేవాడు యాన్, లిన్ తమ్ముడు. క్లబ్బు మూతపడక ముందే ఊపిరితిత్తుల జబ్బు చేసి పోయాడు.

ముత్యాల మేడను మళ్ళీ చూడొచ్చని వెళ్ళిన వాళ్ళకి ఆ సినిమాలో కనిపించింది నాలుగు రంగు బల్బులు, ఒక మెట్లదారి. మత్తుపొడి అమ్మే ముఠావాళ్ళు, కత్తులు, మళ్ళీ పొడి. చివర పోలీసులు వచ్చి అందర్నీ వరసగా నిలబెట్టి తీసుకుపోయారు. పొడి మనిషిని చెరుపుతుందని తెర మీద ఒక వాక్యం పడింది. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. రెండు గంటలసేపు పొడి అమ్మకాన్ని పెళ్ళి ఊరేగింపులా చూపించి చివరి నిమిషంలో బుద్ధి చెప్పేవాడి మాట ఎవడు వింటాడు? వినరు. ఆ ఊరేగింపే ఇంటికి తీసుకెళతారు.

లిన్ ఇంటికి తీసుకెళ్ళబోయేది వేరే. సినిమాలోనూ బంగారు కారు ఉంది. దాని వెనకాల ఒక మనిషి గూనివాడిలా వంగి నడుస్తాడు. కారులో కూర్చున్న వాళ్ళకి పక్కనుంచి చెయ్యి చాచి పొట్లాలు అందిస్తాడు. చివరికి తన సరుకే తాను తిని మరుగుదొడ్డిలో నురగ కక్కుకుని చస్తాడు. వాడు పడిన తీరు చూసి హాల్లో జనం నవ్వారు.

కొట్టులోకి రాగానే ఫూన్ ఆమె చెవిలో అడిగింది, "ఆ గూనివాడు మీ యాన్‌ అంటున్నారు, నిజమేనా అక్కా?" ఫూన్ ఇంకా సినిమా చూడనే లేదు. చూడనివాళ్ళ దాకా కూడా మాట వచ్చేసింది. యాన్ పోయినప్పుడే లిన్ ఉండే భవనంలో ఇరుగుపొరుగు ఒక మాట అనుకున్నారు, నైట్‌క్లబ్బులో పని, చిన్న వయసు, దగ్గు, ఇంకేముంటుందని. ఎదురుగా అనలేదు కాబట్టి లిన్ ఊరుకుంది. ఇప్పుడు తెర మీద చూశాక ఎదురుగానే అంటారు.

యాన్ పొడి ముట్టలేదని లిన్‌కి తెలుసు. కారు వెనకాల అతను చేసిన పని ఏమిటో కూడా తెలుసు. కానీ అది ఎవరికీ చెప్పనని తమ్ముడికి మాట ఇచ్చింది. ఇచ్చిన మాటని, పుచ్చుకున్న మనిషి పోయాడు కదా అని వదిలేసే రకం కాదు ఆమె. అందుకే ఇంకో దారి వెతుక్కుంది. అన్నేళ్ళు యాన్ ముందు కూర్చున్న మోక్ తన నోటితో, ఈ నలుగురిలో, "వాడు అమ్మలేదు" అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట కోసమే వచ్చి, చల్లారుతున్న టీ ముందు కూర్చుంది.

"ఇంతకీ ఆ పొట్లం," అన్నాడు సియు.

"ఆ పొట్లం. నువ్వు మినీబస్సు నడిపావు కదా, నీకు తెలుస్తుంది. డ్రైవరన్నవాడికి బండి బరువు నడుముకి తెలియాలి. ఆ రోజు కూర్చోగానే అనుకున్నాను, ఇవాళ బండి నిన్నటి బండి కాదు, ఎక్కడో గుప్పెడంత ఎక్కువైంది అని. సీటు ఎత్తి చూస్తే పొట్లం. తెల్లది. నేనేం చేశాను? పోలీసులకి చెప్పానా? చెప్పలేదు. ముఠావాళ్ళకి తిరిగి ఇచ్చానా? ఇవ్వలేదు. నేరుగా వెళ్ళి చేపల తొట్టిలో పారబోశాను."

"వంటింటి పక్కనున్న తొట్టా? బతికున్న చేపలు ఉండేవి అందులో," అన్నాడు సియు.

"ఉండేవి కాబట్టే చెబుతున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదట అన్నీ వెనక్కి ఈదాయి. తర్వాత జతలు జతలుగా కూడుకున్నాయి. వేదిక మీద పాట మొదలవగానే తాళానికి తగ్గట్టు తోకలు ఊపాయి. అందులో ఒకటి, ఇంత పెద్ద బొమ్మిడాయి, ఎగిరి వచ్చి వేదిక మీద పడింది. పాడేవిడ ఏమనుకుందో ఏమో, మైకు దాని నోటి దగ్గర పెట్టింది."

"పాడిందా?" అంది ఫూన్.

"అబద్ధం ఎందుకు చెప్పాలి, పాడలేదు. కానీ వంగి దండం పెట్టింది."

సియు టీ మింగలేక పక్కకి తిరిగి దగ్గాడు. లిన్ నెమ్మదిగా అడిగింది, "అప్పుడు యాన్ ఎక్కడున్నాడు?"

మోక్ ఆమె ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు చూశాడు. "యానా? వెనకాలే ఉన్నాడు అక్కా. వాడెప్పుడూ వెనకాలేగా."

"పొట్లం సంగతి వాడికి తెలుసా?"

"వాడికేం తెలుసు, పాపం," అని మోక్ వెంటనే సియు వైపు తిరిగాడు. "చేపలు తిన్న పొడి విలువ ఎంతనుకున్నావు? ఈ వీధి వీధంతా కొనొచ్చు. ఊరుకుంటారా? మర్నాడే కబురొచ్చింది. తొమ్మిదో బాబాయ్ రమ్మంటున్నాడని."

తొమ్మిదో బాబాయ్ అనేది ఒక మనిషి పేరు కాదు, ముఠాలో ఒక హోదా. ఆ హోదాలో ఒకడు పోతే ఇంకొకడు కూర్చునేవాడు. సియు యవ్వనంలో ఉన్నప్పుడు మినీబస్సు వాళ్ళందరూ నెలనెలా అలాంటి బాబాయిలకి కప్పం కట్టిన వాళ్ళే. అందుకని ఆ పేరు వినగానే అలవాటు కొద్దీ కాస్త నిటారుగా కూర్చున్నాడు.

"వెళ్ళాను. ఒక్కణ్ణే. గది నిండా కత్తులు. ఎన్నని అడక్కు, ఆ కత్తుల తళతళకి దీపాలు ఆర్పేశారు, ఖర్చు దండగని. మధ్యలో బల్ల. బల్ల మీద టీ కప్పులు ఒక వరసలో పెట్టి, ఒక్కటి మాత్రం వరస తప్పించి పెట్టాడు. తెలుసుగా, ఏ కప్పు తీస్తే ఏ అర్థమో. ఒకటి తీస్తే మీ మనిషిని, ఒకటి తీస్తే మీ శత్రువుని, ఇంకోటి తీస్తే నా తల మీ ఇష్టం అని. నేనేం చేశానో తెలుసా?"

"తాగేశావు, అన్నీ."

"కప్పు ముట్టుకోలేదు. టీ కెటిల్ మూత తీసి పక్కన పెట్టాను."

ఫూన్ చేతిలో వడపోత ఆగిపోయింది. "వేణ్ణీళ్ళు పొయ్యమనా? తొమ్మిదో బాబాయ్‌నా?"

"మూత తీసి ఉన్న కెటిల్ కనిపిస్తే నువ్వేం చేస్తావు?"

"పోస్తాను."

"ఆయనా అంతే. ఎంత ముఠా పెద్ద అయినా ఈ ఊరి గాలి పీల్చి పెరిగినవాడు. చెయ్యి దానంతటదే లేచింది. లోపలికి వెళ్ళి వేణ్ణీళ్ళు తెచ్చి పోశాడు. పోసేదాకా తాను పోస్తున్నట్టు ఆయనకే తెలియదు. నేను రెండు వేళ్ళతో బల్ల మీద తట్టి థాంక్స్ చెప్పాను కూడా. కత్తులు పట్టుకున్న వాళ్ళలో ఇద్దరు ఆ దృశ్యం చూసి ముఠా మానేసి కూరగాయల కొట్టు పెట్టుకున్నారు."

సియు బల్ల మీద చేత్తో కొట్టి నవ్వాడు. పక్క బల్ల మీద గుర్రప్పందేల పేపరు చదువుకుంటున్న ముసలాయన కూడా పేపరు దించాడు. లిన్‌కి కూడా పెదవి కదిలింది. అది ఆమెకే నచ్చలేదు. యాన్ ఇంటికొచ్చి ఇలాంటివే చెప్పేవాడు, ఇవాళ మోక్ అన్న ఏమన్నాడో తెలుసా అక్కా అంటూ. చెబుతూ మధ్యలోనే నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది. అయినా చెప్పడం ఆపేవాడు కాదు. ఆ గొంతు ఇంట్లో వినపడక ఎన్నేళ్ళయిందో. ఒక్కోసారి జిప్పు లాగుతుంటే ఆ చప్పుడులో కూడా వాడు గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది.

"మరి యాన్‌ని తీసుకెళ్ళలేదా?" అని అడిగింది.

"ఎక్కడికి?"

"ఆ కత్తుల గదికి."

"వచ్చాడు. బయట ఉన్నాడు. వెనక." మోక్ తొందరగా బన్ను ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఒరేయ్ ఫిరంగీ," అన్నాడు సియు, "సినిమాలో మరి వాడు పొట్లాలు అందించినట్టు చూపించారు. సినిమా వాళ్ళకి అన్నీ నువ్వే చెప్పావు కదా. చివర్లో పేర్లు పడుతుంటే లేచి నిలబడి మరీ చూపించావు, అదిగో సలహాదారు మోక్ అని. వెనకవాడు కూర్చోమని తిట్టాడు కూడా."

"సలహాదారుణ్ణే. మూడు మధ్యాహ్నాలు ఈ బల్ల దగ్గరే కూర్చోబెట్టి అడిగారు. ఫూన్ని అడుగు. కానీ వాళ్ళకి చెప్పింది వేరు, వాళ్ళు తీసింది వేరు. అసలైంది తియ్యడానికి వాళ్ళ దగ్గర సత్తా ఏదీ? అసలైంది ఇప్పుడు చెబుతాను. తొమ్మిదో బాబాయ్ ఊరుకున్నాడు, కానీ ఆయన కింద పదో బాబాయ్ ఉన్నాడు..."

"పదో వాడు కూడానా."

"ఉన్నాడు. వాడికి మర్యాద తెలీదు. తుఫాను రోజు చూసుకుని వచ్చాడు. ఎనిమిదో నంబరు జెండా ఎగరేశారు. ఊరంతా తలుపులు మూసుకుంది. నా బండిలో ఒక కోటీశ్వరుడు కూర్చుని ఉన్నాడు, పేరు చెప్పను, ఆయన మనవళ్ళు బాధపడతారు. గుమ్మం దగ్గర కత్తులు. నేను చూశాను. స్టీరింగు తిప్పాను. ఇంజను చప్పుడు ఎలా ఉండేదనుకున్నావు, పాలు తాగిన పిల్లి గురకలాగ. అదే తిప్పుడులో మెట్ల మీదుగా దిగి నేథన్ రోడ్డెక్కాం. డబుల్ డెక్కర్ బస్సులు పక్కకి తప్పుకున్నాయి. గాలికి తప్పుకున్నాయేమో అనుకోవద్దు, నాకోసమే తప్పుకున్నాయి. వెనక పదో బాబాయ్ మనుషులు పదహారు కార్లలో. రేవు దగ్గరికొచ్చాం. ముందు నీళ్ళు. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. కోటీశ్వరుడు ఏడుస్తున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

 ఫూన్ కూడా వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"నీళ్ళ మీదికి పోనిచ్చాను. తుఫాను కదా, అల మీద అల, మధ్యలో పల్లం లేదు. రోడ్డు కంటే నున్నగా ఉంది. ఒక్క గుంట లేదు. హాంకాంగ్ దీవి ఒడ్డుకి చేరి అదే ఊపులో హ్యాపీ వ్యాలీ గుర్రప్పందేల మైదానంలోకి వెళ్ళిపోయాం. తుఫానని పందెం ఆపలేదా అని అడక్కండి, ఆ రోజు ఆపలేదు. గుర్రాలతో పాటు పరిగెత్తాం. రెండో స్థానం."

"మొదటిది ఎందుకు రాలేదు?" అన్నాడు పేపరు ముసలాయన.

"మొదటి గుర్రం మీద నేనే పందెం కాసి ఉన్నాను. దాటితే నాకే నష్టం."

కొట్టంతా గొల్లున నవ్వింది. సియు కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు సర్దుకునే దాకా ఆగి లిన్ అడిగింది.

"నీళ్ళ మీద వెళుతున్నప్పుడు యాన్ ఎక్కడున్నాడు?"

"వెనకాల," అన్నాడు మోక్, ఆలోచించకుండానే.

"నీళ్ళ మీద వెనకాల ఎలా ఉంటాడురా?" అన్నాడు సియు, ఇంకా నవ్వుతూనే.

"ఈదుతున్నాడు."

మళ్ళీ నవ్వు లేచింది. లిన్‌కి మాత్రం ఆ నవ్వు వినపడలేదు. ఆమె మోక్ మొహం వైపే చూస్తోంది. చేపల చేత దండం పెట్టించగలిగాడు. ముఠా పెద్ద చేత వేణ్ణీళ్ళు పోయించగలిగాడు. కారుని సముద్రం మీద నడిపించాడు, గుర్రాలతో పందెం వేయించాడు. ఇంత పెద్ద అబద్ధంలో ఎన్ని ఖాళీ సీట్లున్నాయి. ఒక్క సీటులో కూడా యాన్‌ని కూర్చోబెట్టలేకపోయాడు. నట్టనడి సముద్రంలో, తుఫానులో కూడా, వాడిని బండి వెనకే ఉంచాడు. ఉంచకపోతే బండి కదలదని మోక్ కోతలకి కూడా తెలుసు.

అతని నోట ఆ మాట రాదని ఆమెకి అప్పుడు అర్థమైంది. చనిపోయినవాడికి ఇచ్చిన మాట ఒక పక్క, చనిపోయినవాడి పేరు ఒక పక్క. రెండూ నిలబెట్టడం కుదరదు. మాట తప్పితే ఆ పాపం తనది. పేరు పోతే అది యాన్‌కి తగులుతుంది. ఆమె కప్పు పక్కకి జరిపింది.

"ఆ బండికి ఇంజను లేదు," అంది.

నవ్వు ఒకేసారి ఆగలేదు. ఒక్కొక్కరి దగ్గర ఆగుతూ వచ్చింది.

"ఏమంటున్నావక్కా?" అన్నాడు సియు.

"మొదటి వేసవిలోనే మోటారు కాలిపోయింది. కొత్తది తెప్పించడం దండగని క్లబ్బు యజమాని దాన్ని పీకేయించాడు. అప్పట్నించి యాన్ వెనకనుంచి తోసేవాడు. ఒంగి, తల సీటు కంటే పైకి రాకుండా. ఈయన ముందు కూర్చుని స్టీరింగు తిప్పేవాడు, హారన్ కొట్టేవాడు. పాలు తాగిన పిల్లి గురక అన్నాడే, అది యాన్ ఊపిరి."

"ఇంజను లేదని ఒక్కరికీ తెలియలేదా?" అంది ఫూన్.

"తెలియనివ్వలేదు. వచ్చేవాళ్ళంతా జూదగాళ్ళు, పందెంరాయుళ్ళు, శకునాల పిచ్చి ఉన్నవాళ్ళు. వెనకనుంచి మనిషి తోసే బండి ఏది ఉంటుంది? ఆసుపత్రిలో శవాన్ని తీసుకెళ్ళేది. అలాంటి దాంట్లో కూర్చున్నామని తెలిస్తే మళ్ళీ గుమ్మం తొక్కుతారా? అందుకని యజమాని ఒట్టు వేయించుకున్నాడు. యాన్ నా చేత వేయించాడు. వాడి గుడ్డ బూట్లు నెల తిరక్కుండా ముందువైపు చిరిగిపోయేవి, వేళ్ళ దగ్గర. మడమలు కొత్తగా ఉండేవి. ఇలా ఎందుకు అరుగుతున్నాయిరా అని నిలదీస్తే అప్పుడు చెప్పాడు. పొట్లాలు అమ్ముకుంటూ తిరిగేవాడి బూట్లు అలా అరగవు."

పేపరు ముసలాయన పేపరు మడిచి పెట్టాడు. 

"నేను ఇంకోటి అడుగుతాను," అంది లిన్. ఆమె గొంతు పెరగలేదు. బజారులో బొత్తాల లెక్క చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. "సినిమా వాళ్ళు అడిగి ఉంటారు. బండి వెనక ఎప్పుడూ ఒక మనిషి వంగి నడిచేవాడట, పాత జనం చెబుతున్నారు, వాడెవడు అని. ఏం చెప్పావు?"

మోక్ చేతిలోని బన్ను ముక్క కింద పెట్టాడు. 

"ఏమీ చెప్పలేదు," అన్నాడు. "ఒట్టు. ఒక్క మాట కూడా అనలేదు. ఊరికే నవ్వాను."

"ఎలా నవ్వావు?"

అతను నవ్వి చూపించలేదు. చూపించనక్కర్లేదు. ఒక కన్ను సగం మూసి, పెదవి ఒక పక్కకి లాగి, నాకు తెలుసు కానీ చెప్పకూడదు అన్నట్టు అతను నవ్వే నవ్వు ఆ కొట్టులో అందరికీ తెలుసు. ఇంజను లేదని ఒప్పుకోవడం ఇష్టం లేక నవ్విన నవ్వు. ముఠా సినిమా తీయడానికి వచ్చిన వాళ్ళకి ఆ నవ్వు చాలు. మిగతాది వాళ్ళే నింపుకున్నారు. మనిషి పేరు చెడగొట్టడానికి అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు.

"తోసేవాడా," అన్నాడు సియు, తనలో తాను. "అన్నేళ్ళూ. ఆ లావుపాటి షావుకార్లని." ఫూన్ వైపు తిరిగి, "ఎవడైనా నీ కొట్టులో ఆ గూనివాడి మాట ఎత్తితే ఇది చెప్పు. నేనూ బస్ స్టాండులో చెబుతాను," అన్నాడు.

ఫూన్ తల ఊపింది. లిన్ ముందు చల్లారిన టీ తీసుకెళ్ళి పారబోసి వేడి టీ తెచ్చి పెట్టింది.

లిన్ వచ్చిన పని అయిపోయింది. లేవొచ్చు. కానీ లేవలేదు. మోక్ ఇప్పుడు ఇంకో మనిషిలా ఉన్నాడు, ఉతికి ఆరేసిన బనీనులా. ఆమెకి అతని మీద కోపం ఉంది. ఉండాలి కూడా. అయినా ఈ భూమ్మీద యాన్‌కి అంత దగ్గరగా, అన్ని సాయంత్రాలు గడిపిన మనిషి ఇంకెవరూ మిగల్లేదు. మధ్యలో ఒక సీటు అంతే. ఆమెకి మిగిలిన తమ్ముడు అరిగిన బూట్లు, ఇంట్లో దగ్గు. మిగతా సగం ఈ మనిషి దగ్గర ఉంది.

"వాడు వెనకనుంచి ఏమైనా మాట్లాడేవాడా?" అని అడిగింది. "ఫిరంగి వద్దు. ఉన్నది చెప్పు."

 మోక్ మాటల కోసం వెతుక్కోవడం ఆ కొట్టులో ఎవరూ చూసి ఎరగరు.

"అడిగేవాడు," అన్నాడు చివరికి. "వాడికి ఏమీ కనపడేది కాదు అక్కా. తల దించుకుని ఉండాలి కదా. బండి వెనక రేకు, కింద తివాచీ, అంతే. అన్నేళ్ళు ముత్యాల మేడలో పనిచేశాడు, వేదిక ఎలా ఉంటుందో సరిగ్గా చూడలేదు. అందుకని అడిగేవాడు, మెల్లిగా, ఎక్కినవాళ్ళకి వినపడకుండా. అన్నా, ఇవాళ దీపాలు ఏ రంగు. అన్నా, ఎవరు పాడుతున్నారు. ఎక్కింది లావుగా ఉన్నాడే, ఎవరు. నేను తల తిప్పకూడదు. ముందుకే చూస్తూ పెదవులు కదపకుండా చెప్పేవాణ్ణి."

"ఉన్నది చెప్పేవాడివా?"

"మొదట్లో ఉన్నదే చెప్పేవాణ్ణి. తర్వాత కాస్త పెంచి చెప్పాను ఒకసారి. వెనక నవ్వాడు. వాడు నవ్వితే బండి తేలిగ్గా కదిలేది. నా నడుముకి తెలిసేది. అప్పట్నించి రోజూ పెంచాను. చేప సంగతి అప్పటిదే. తుఫానుది, వాడికి జబ్బు ముదిరిన ఏడాది చెప్పింది. అప్పుడు చాలా పెద్దవి చెప్పాల్సి వచ్చేది." అతను చేతులు తుడుచుకున్నాడు. "వాడు పోయాక ఎవరికి చెప్పాలో తెలియక అందరికీ చెబుతున్నాను."

సియు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. వీధిలో ట్రాలీ మీద కూరగాయలు తోసుకుపోతున్న ఆడమనిషి అడ్డంగా నిలబడిన వాళ్ళని తప్పుకోమంటోంది.

లిన్ లేచింది. వెళ్ళిపోతుందనుకున్నారు. ఆమె తన కుర్చీ తీసి మోక్ కుర్చీ వెనకాల వేసుకుని కూర్చుంది. అతని మెడ మీద నెరిసిన జుట్టు, చొక్కా కాలరు, అంతకంటే ముందు ఏమీ కనపడటం లేదు. అక్కడినుంచి అడిగింది.

"ఇవాళ పాడుతున్నది ఎవరు?"

మోక్ తల తిప్పలేదు. రెండు చేతులూ ఎత్తి, స్టీరింగు పట్టినట్టు కాస్త ఎడంగా, బల్ల అంచు మీద పెట్టాడు. ముందుకే చూస్తూ, అతి మెల్లిగా, ఏమీ పెంచకుండా చెప్పాడు.

"పచ్చ గౌను వేసుకున్న అమ్మాయి. కొత్తది. రెండో చరణం దగ్గర తడబడుతోంది. మన బల్ల ఇంకా దూరం ఉంది. ముందు తివాచీ అంచు వస్తోంది, కాస్త గట్టిగా తొయ్యి యాన్."